డిశ్చార్జి ప్లాస్మా స్పెక్ట్రమ్ తీయడం: డార్క్ నుంచి ఉష్ణోగ్రత దాకా, వరసగా

"ఆర్గాన్ ట్యూబు వెలిగించాం, స్పెక్ట్రమ్ వచ్చింది, ఇప్పుడు ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఎలా కట్టాలి సార్?" ఎచ్చెర్ల నుంచీ విజయనగరం నుంచీ ఎమ్మెస్సీ, బీటెక్ ప్రాజెక్టులు చేసే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. డార్క్ (ట్యూబు ఆపి తీసే నేపథ్య స్పెక్ట్రమ్) ఎప్పుడు తీశారు? తీవ్రతని ఏ దీపంతో సరిచేశారు? వెలుగుని స్పెక్ట్రోమీటర్‌కి చేర్చే ఫైబర్, ట్యూబులో ఏ చోటుని చూస్తోంది? జవాబు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఉష్ణోగ్రత ఈ పనిలో ఆఖరి మెట్టు. గ్రాఫు మీద గీత ఎలాగైనా గీయొచ్చు, కంప్యూటరు ఏదో ఒక నంబరు ఇచ్చేస్తుంది. ఆ నంబరుకి విలువ వచ్చేదీ పోయేదీ ప్లాస్మా (కరెంటు పారి వెలిగే వాయువు) వెలిగించకముందు చేసిన పనిలోనే. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా సన్నాహమే ఉంటుంది.

## 1. మీకు కావలసిందేమిటో ముందు తేల్చుకోండి

అవసరాన్ని బట్టి పరికరం మారుతుంది.

- ట్యూబులో ఏ వాయువు ఉందో తెలిస్తే చాలంటే 1–2 నానోమీటర్ల రిజొల్యూషన్ (పక్కపక్క గీతల్ని విడదీసే శక్తి) సరిపోతుంది. డీవీడీ ముక్కతో చేసిన పెట్టె కూడా పనికొస్తుంది. డీవీడీ ట్రాకుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకి దాదాపు 1350 గీతల గ్రేటింగ్ అన్నమాట.
- గీతల తీవ్రతల్ని పోల్చి తీసే ఎక్సైటేషన్ ఉష్ణోగ్రత కావాలంటే రిజొల్యూషన్ కన్నా తీవ్రత సరిగ్గా రావడం ముఖ్యం.
- నైట్రోజన్ బ్యాండు (దగ్గరదగ్గరగా గుమిగూడిన గీతల పట్టీ) నుంచి వాయువు ఉష్ణోగ్రత తీయాలంటే 0.1 నానోమీటరు దరిదాపుల్లో రిజొల్యూషన్ ఉంటే హాయి.
- గీత వెడల్పు నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత కావాలంటే 10వ భాగం చదివాకే మొదలుపెట్టండి. చాలా సెటప్పులకి అది కుదరదు.

ఫోన్ కెమెరాతో తీసిన స్పెక్ట్రమ్ నుంచి మాత్రం తీవ్రతలు కొలవకండి. ఫోను తనంతట తాను ఎక్స్‌పోజర్ మార్చేస్తుంది, రంగుల్ని దిద్దేస్తుంది. గీత ఎక్కడుందో చెప్పడానికే అది పనికొస్తుంది.

కాలేజీ ల్యాబులో ఉండే వెర్నియర్ స్పెక్ట్రోమీటర్ని చిన్నచూపు చూడొద్దు. అంగుళానికి 15000 గీతల గ్రేటింగుతో మెర్క్యురీ ఆకుపచ్చ గీత మొదటి ఆర్డర్‌లో సుమారు 18 డిగ్రీల 49 నిమిషాల దగ్గర రావాలి. అక్కడ రాకపోతే గ్రేటింగ్ లంబంగా లేదని అర్థం.

## 2. సామాను

☐ ఫైబర్ తగిలించే చిన్న సీసీడీ స్పెక్ట్రోమీటర్, 200–1000 నానోమీటర్లు
☐ క్వార్ట్జ్ ఫైబర్, క్వార్ట్జ్ కిటికీ. మామూలు గాజు 350 దిగువన అతినీల కాంతిని తినేయడం మొదలుపెడుతుంది. నీటి ఆవిరి నుంచి 309 దగ్గర వచ్చే ఓహెచ్ బ్యాండు దాదాపు కనబడదు.
☐ ఒక పాత సీఎఫ్ఎల్, ఒక నియాన్ టెస్టర్ బల్బు
☐ 12 వోల్టుల హాలోజన్ బల్బు, దానికి స్థిరమైన డీసీ సప్లై
☐ ఆర్గాన్ సిలిండరు, నీడిల్ వాల్వు. టిగ్ వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ నేర్చుకోడానికి చాలు.
☐ రోటరీ పంపు, పీడనం చూపే పిరానీ గేజి
☐ హై వోల్టేజ్ సప్లై, బల్లాస్ట్ రెసిస్టర్
☐ నల్లగుడ్డ, అల్యూమినియం ఫాయిల్, యూవీ కళ్లద్దాలు

బల్లాస్ట్ లేకుండా డీసీ డిశ్చార్జి నడపకండి. వాయువులోంచి ఒకసారి కరెంటు పారడం మొదలైందంటే దానికి అడ్డూ ఆపూ ఉండదు, గ్లో కాస్తా ఆర్క్ అయిపోతుంది. 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌లో 10 మిల్లీఆంపియర్లు పోతే దాని మీద 1000 వోల్టులు పడతాయి, 10 వాట్ల వేడి పుడుతుంది. కాబట్టి రేడియో షాపులో దొరికే పావు వాటు రెసిస్టర్ కాదు, 25 వాట్లది తీసుకోండి. దాని మీద పడే వోల్టేజీని తట్టుకుంటుందో లేదో కూడా చూడండి.

## 3. కరెంటు విషయంలో బేరాలు లేవు

☐ సప్లై ఆపాక కెపాసిటర్‌ని ఎర్త్ కర్రతో తాకించి ఖాళీ చేయండి. స్విచ్ ఆపితే చాలదు.
☐ నడుస్తున్న సర్క్యూట్ దగ్గర ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.
☐ గదిలో రెండో మనిషి ఉండాలి, మెయిన్ ఎక్కడుందో ఆ మనిషికి తెలిసి ఉండాలి.
☐ కరెంటు పోయిందంటే ముందు హై వోల్టేజ్ స్విచ్ ఆఫ్ చేయండి. తిరిగి వచ్చినప్పుడు ట్యూబు తనంతట తాను వెలగకూడదు.

చివరిది మన జిల్లాల్లో మర్చిపోకూడనిది. గాలివానకి కరెంటు పోయి, మనం ట్యూబు సర్దుకుంటుండగా వచ్చేస్తుంది.

## 4. దీపాలు ముందు, ప్లాస్మా తరవాత: తరంగదైర్ఘ్యం

స్పెక్ట్రోమీటర్‌ని అరగంట ఆన్‌లో ఉంచి, అప్పుడు మొదలుపెట్టండి. మే నెలలో ఏసీ వేసిన వెంటనే కొలిస్తే గది చల్లబడేకొద్దీ గీతలు కొంచెం జరుగుతాయి.

వరస ఇది:

1. సీఎఫ్ఎల్ పెట్టి మెర్క్యురీ గీతలు తీసుకోండి: 404.66, 435.83, 546.07, 576.96, 579.07.
2. టెస్టర్ బల్బుతో నియాన్ గీతలు: 585.25, 614.31, 640.22, 667.83, 703.24.
3. 700 దగ్గర్నుంచి పైకి ఆర్గాన్ ట్యూబు: 696.54, 763.51, 811.53, 842.46.
4. పిక్సెల్ నంబరుకీ తరంగదైర్ఘ్యానికీ మూడో డిగ్రీ పాలినామియల్ వేయండి. ప్రతి గీతకీ మిగిలిన తేడా రాసుకోండి.

మెర్క్యురీతోనే సరిపెట్టి 800 దగ్గర గీతలకి పేర్లు పెట్టేయకండి. పాలినామియల్ తాను చూడని చోట ఎటైనా వంగుతుంది.

సీఎఫ్ఎల్‌లో ఒక ఉచ్చు ఉంది. 546.07కి ఎడమ పక్కనే పౌడర్ పూతలోని టెర్బియమ్ వెలుగు ఉంటుంది. తక్కువ రిజొల్యూషన్‌లో రెండూ కలిసి ఒకే గుట్టలా కనిపించి, శిఖరం పక్కకి లాగినట్టు వస్తుంది. 611 దగ్గరి ఎర్రటి గీత యూరోపియమ్‌ది, మెర్క్యురీది కాదు. అనుమానం ఉంటే 435.83ని నమ్మండి.

నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) డేటాబేస్‌లో వెతికేటప్పుడు గాలిలోని తరంగదైర్ఘ్యాలు ఎంచుకోండి. శూన్యంలోవి తీసుకుంటే 546 దగ్గరే 0.15 నానోమీటరు తేడా వస్తుంది.

## 5. తీవ్రత సరిదిద్దడం: అందరూ వదిలేసే మెట్టు

సీసీడీ (స్పెక్ట్రోమీటర్ లోపల వెలుగుని కొలిచే చిప్పు) అన్ని రంగుల్నీ ఒకేలా చూడదు. గ్రేటింగూ అంతే, ఫైబరూ అంతే. తెరమీద 811 గీత 750 కన్నా పొట్టిగా కనిపిస్తే, ప్లాస్మాలో కూడా అలాగే ఉందని అనుకోడానికి వీల్లేదు.

హాలోజన్ బల్బుని దాని రేటెడ్ వోల్టేజీలో పది నిమిషాలు వెలిగించి, ట్యూబు ఉండే చోటే పెట్టి, అదే ఫైబర్, అదే కిటికీ గుండా స్పెక్ట్రమ్ తీసుకోండి. బల్బు రంగు ఉష్ణోగ్రతకి ప్లాంక్ వక్రరేఖ గీసి, దాన్ని మీ లెక్కతో భాగిస్తే ప్రతి పిక్సెల్‌కీ ఒక గుణకం వస్తుంది.

బల్బు ఉష్ణోగ్రత మీద ఎంత పట్టు ఉండాలి? 2900 కెల్విన్ ఉన్నదాన్ని 3000 అనుకున్నారనుకోండి. 696, 811 గీతల నిష్పత్తిలో తప్పు 3 శాతమే. 420, 811 నిష్పత్తిలో మాత్రం 20 శాతం దాటుతుంది. నీలం వైపు వెళ్లేకొద్దీ హాలోజన్ మీద నమ్మకం తగ్గించుకోండి. 350 దిగువన దాన్ని వదిలేయండి, అక్కడ డ్యుటీరియమ్ దీపం కావాలి.

సరిచూసుకోడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ఆర్గాన్ 706.72, 738.40 గీతలు రెండూ ఒకే పై స్థాయి నుంచి పుడతాయి. ప్లాస్మా ఎలా ఉన్నా ఫోటాన్ల లెక్కలో 738.40ని 706.72తో భాగిస్తే వచ్చేది వాటి 'ఏ' (A) విలువల, అంటే ఒక్కో గీత సెకనుకి వెలువడే అవకాశాన్ని చెప్పే అంకెల, నిష్పత్తే: 8.47ని 3.80తో భాగిస్తే 2.23. మీకు 1.6 వచ్చిందంటే దిద్దుబాటులో లోపం ఉంది. 2.6 వచ్చిందంటే 706.72 గీతని ప్లాస్మాయే మింగుతోందేమో కూడా చూడండి.

## 6. డార్క్, ఎక్స్‌పోజర్

☐ డార్క్‌ని అసలు కొలతకి వాడే ఎక్స్‌పోజర్ తోనే తీయండి. ఎక్స్‌పోజర్ మారిస్తే డార్క్ మళ్లీ తీయాలి.
☐ డార్క్ అంటే ఫైబర్ మూయడం కాదు, ప్లాస్మా ఒక్కటే ఆపి మిగతావన్నీ అలాగే ఉంచడం. కిటికీ సందులోంచి వచ్చే వెలుగు కూడా పోవాలి కదా.
☐ శిఖరం పూర్తి స్కేలులో 70–85 శాతం మధ్య ఉండాలి. 16 బిట్ పరికరంలో పూర్తి స్కేలు 65535.
☐ బలమైన గీతలకి తక్కువ ఎక్స్‌పోజర్, బలహీనమైన వాటికి ఎక్కువ. రెండు ఫైళ్లు విడిగా.
☐ ట్యూబు 50 హెర్ట్జ్ ఏసీ మీద నడుస్తుంటే వెలుగు సెకనుకి 100 సార్లు కొట్టుకుంటుంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల గుణిజంగా పెట్టండి. 7 పెడితే ఒక్కో స్పెక్ట్రమ్ ఒక్కో ఎత్తులో వస్తుంది, ప్లాస్మా ఊగుతోందని టెన్షన్ పడతారు.

శిఖరం పైభాగం కోసేసినట్టు బల్లపరుపుగా ఉంటే ఆ గీతని లెక్కలోంచి తీసేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ దిద్దుబాటూ దాన్ని తిరిగి తేలేదు.

## 7. వ్యాక్యూమ్, మన గాలిలో తడి

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఈ భాగం తప్పనిసరి. జూలై నుంచి నవంబరు దాకా ట్యూబు తెరిచి పెడితే, ఉప్పు డబ్బా మూత తీసి వదిలేసినట్టే. గాజు గోడలకి నీటి పొర పట్టేస్తుంది, పంపు ఎంత లాగినా గంటల తరబడి వదులుతూనే ఉంటుంది.

స్పెక్ట్రమ్‌లో అది ఎలా కనిపిస్తుందంటే, శుద్ధమైన ఆర్గాన్ పంపినా 656.28 దగ్గర హైడ్రోజన్ ఎర్రగీత నిలబడుతుంది. 309 దగ్గర ఓహెచ్ బ్యాండు లేస్తుంది. "ఆర్గాన్ ట్యూబులో హైడ్రోజన్ ఏటి సార్?" అని అడిగితే జవాబు నీళ్లే.

337.1 దగ్గర నైట్రోజన్ బ్యాండు వస్తే వేరే కథ, అది బయటి గాలి. ఇక్కడ కంగారు పడి అంతా విప్పేయకండి. ఉత్తేజిత ఆర్గాన్ పరమాణువులు తమ శక్తిని నైట్రోజన్‌కి సరిగ్గా ఆ బ్యాండు వెలిగేలా అందిస్తాయి. అందుకే చిటికెడు గాలి చొరబడినా 337.1 భారీగా కనబడుతుంది. దాని ఎత్తు చూసి గాలి ఎంతుందో అంచనా వేయొద్దు.

లీకా, గోడల తడా అని తేల్చడానికి:

1. పంపు వాల్వు మూసి, పీడనాన్ని నిమిషానికోసారి రాయండి.
2. గ్రాఫు వంగకుండా తిన్నని గీతలా పెరుగుతూ పోతే లీకు.
3. మొదట పెరిగి, పోనుపోను వంగి నిదానిస్తే గోడల నుంచి వచ్చే తడి.
4. తరవాత ఆర్గాన్ ప్లాస్మా అరగంట నడుపుతూ 656.28ని చూడండి. అది తగ్గుతూ 337.1 మాత్రం కదలకపోతే, తడి పోతోంది, లీకు ఉంది.

తడి ఎక్కువున్న రోజున పంపుకి గ్యాస్ బల్లాస్ట్ (పంపులోకి కొంచెం గాలి పోనిచ్చే వాల్వు) తెరిచి కాసేపు నడపండి. లేకపోతే నీటి ఆవిరి నూనెలో కలిసి, నూనె పాలలా తెల్లబడుతుంది. అలా అయిన నూనెతో పంపు లాగదు, మార్చాల్సిందే.

పిరానీ గేజి సాధారణంగా నైట్రోజన్‌కి సరిచేసి ఉంటుంది. ఆర్గాన్‌తో అది అసలు పీడనం కన్నా తక్కువ చూపిస్తుంది. అసలుది దాదాపు 1.6–1.7 రెట్లు ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఏది రాస్తున్నారో చెప్పండి.

ఎలక్ట్రోడ్లని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. చెమటలోని ఉప్పు 589.0, 589.6 దగ్గర సోడియం జంటగా వచ్చి, నియాన్ 588.19తో గొడవ పెడుతుంది.

## 8. ఫైబర్ ఎక్కడ చూస్తోంది?

గ్లో డిశ్చార్జి అంతా ఒకటే పదార్థం కాదు. 1 మిల్లీబార్ గాలిలో కాథోడ్ దగ్గర నీలంగా, దూరంగా పాజిటివ్ కాలమ్ గులాబీరంగులో ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో తేడా ఇంకా స్పష్టం.

ఒకసారి చేసి చూడండి. ఫైబర్‌ని కాథోడ్ నుంచి ఆనోడ్ వైపు సెంటీమీటర్ చొప్పున జరుపుతూ 391.4, 337.1 ఎత్తులు రాయండి. 391.4 నైట్రోజన్ అయాన్‌ది, అది పుట్టడానికి దాదాపు 18.7 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 337.1కి 11 చాలు. నీలి గ్లో దాటగానే 391.4 కుప్పకూలుతుంది, 337.1 మిగులుతుంది. వేగమైన ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయో ఆ నిష్పత్తే చెబుతుంది. దీనికి ఏ ఫార్ములా అక్కర్లేదు. ఈ గ్రాఫు ఒక్కటి సరిగ్గా తీసిన ప్రాజెక్టుని, తప్పుడు ఉష్ణోగ్రత ఉన్న ప్రాజెక్టు కన్నా నేను పైన పెడతాను.

ఫైబర్‌ని స్టాండుకి బిగించండి, చేత్తో పట్టుకోవద్దు. ముందు ఒక సన్నని నల్ల గొట్టం పెడితే పక్క వెలుగు రాదు. ఫాయిల్ గొట్టమైతే లోపల నల్ల కాగితం చుట్టండి, లేకపోతే మెరుపు తిరిగొస్తుంది. ఫాయిల్ ఎలక్ట్రోడ్ తీగలకి దగ్గరగా పోకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

## 9. గీతలకి పేర్లు పెట్టి, బోల్ట్జ్‌మన్ గ్రాఫు గీయడం

ముందు గీతా బ్యాండా అన్నది చూడండి. అణువుల బ్యాండుకి ఒక పక్క గోడలా నిలువుగా, రెండో పక్క వాలుగా ఉంటుంది. నైట్రోజన్ 337.1 బ్యాండు పొడవు తరంగదైర్ఘ్యం వైపు నిలువు, పొట్టి వైపు వాలు. పరమాణు గీత రెండు పక్కలా ఒకేలా ఉంటుంది.

తరవాత రెండో ఆర్డర్ దయ్యాలు, అంటే గ్రేటింగ్ రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర చూపించే నకిలీ గీతలు. 337.1 రెట్టింపు 674.2 దగ్గర, 391.4 రెట్టింపు 782.8 దగ్గర కనిపించొచ్చు. పసుపు ఫిల్టర్ అడ్డుపెట్టండి. మాయమైతే దయ్యమే.

ఆర్గాన్‌కి వాడదగిన గీతలు ఇవి. వరసగా తరంగదైర్ఘ్యం, పై స్థాయి శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో, 'జి' (g) విలువ, అంటే ఆ పై స్థాయిలో ఎన్ని స్థితులున్నాయో, సెకనుకి 'ఏ' (A) విలువ:

- 811.53: 13.08, 7, 3.31 × 10⁷
- 763.51: 13.17, 5, 2.45 × 10⁷
- 738.40: 13.30, 5, 8.47 × 10⁶
- 696.54: 13.33, 3, 6.39 × 10⁶
- 750.39: 13.48, 1, 4.45 × 10⁷
- 420.07: 14.50, 7, 9.67 × 10⁵

ప్రతి గీత తీవ్రతనీ తరంగదైర్ఘ్యంతో గుణించి, జి, ఏ విలువల లబ్ధంతో భాగించి, సహజ లాగరిథం తీయండి. దాన్ని నిలువు అక్షం మీద, శక్తిని అడ్డం మీద పెట్టండి. వాలు ఎంతో చూసి, మైనస్ తీసేసి తలకిందులు చేస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉష్ణోగ్రత. 1 ఎలక్ట్రాన్ వోల్టు అంటే సుమారు 11600 కెల్విన్.

ఇక తప్పులు జరిగే చోట్లు.

తరంగదైర్ఘ్యంతో గుణించాలా? దిద్దుబాటు తరవాత మీ తీవ్రత శక్తి లెక్కలో ఉంటే గుణించాలి. ఫోటాన్ల లెక్కలో ఉంటే గుణించకూడదు. 5వ మెట్టులో ప్లాంక్ వక్రరేఖని ఏ రూపంలో రాశారో అదే నిర్ణయిస్తుంది. పొరపాటైతే 420, 811 మధ్య దాదాపు రెండింతల తేడా వచ్చేస్తుంది.

ఎరుపు గీతలతోనే సరిపెట్టడం. మొదటి అయిదు గీతలూ 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఇరుకులో ఉన్నాయి. తీవ్రతలో 20 శాతం తప్పు ఉంటే లాగరిథంలో 0.18. అసలు ఉష్ణోగ్రత 1 ఎలక్ట్రాన్ వోల్టు అయితే ఫలితంలో తప్పు 45 శాతం దాకా పోతుంది. 420.07 చేర్చితే వెడల్పు 1.42 అవుతుంది, అదే తప్పు 13 శాతానికి దిగుతుంది. చిక్కేమిటంటే హాలోజన్ నమ్మకం తగ్గేది సరిగ్గా అక్కడే. అందుకే బల్బు ఉష్ణోగ్రత మీద అంత పట్టుబట్టాను.

కలిసిపోయిన గీతలు. 419.83 గీత 420.07 పక్కనే ఉంది. 1 నానోమీటర్ పరికరంలో రెండూ ఒకటే. వాటి పై స్థాయిలు దగ్గరివే కాబట్టి, రెండింటి జి, ఏ లబ్ధాలు కలిపి 9.3 × 10⁶ అని వాడితే ఫరవాలేదు. 750.39, 751.47 కూడా అంటుకుంటాయి. అక్కడ రెండు శిఖరాల ఫిట్ వేసి విడదీయండి.

ప్లాస్మా తన వెలుగుని తానే మింగడం. 811.53, 763.51, 706.72, 696.54 గీతల కింది స్థాయి మెటాస్టేబుల్, అంటే అక్కడి నుంచి త్వరగా కిందికి దిగలేవు, అందుకే అక్కడ పరమాణువులు పోగవుతాయి. ఫలితంగా 811.53 బిందువు గ్రాఫు మీద కిందికి జారి, వాలు చదునై, ఉష్ణోగ్రత ఎక్కువగా కనిపిస్తుంది. ట్యూబు వెనక ఒక పుటాకార దర్పణం పెట్టండి. అన్ని గీతలూ ఒకే రెట్టు పెరిగితే మంచిదే. ఏ గీత తక్కువ పెరిగిందో దాన్ని పక్కన పెట్టండి.

వచ్చిన నంబరుకి రిపోర్టులో ఎక్సైటేషన్ ఉష్ణోగ్రత అనే పేరే రాయండి. తక్కువ పీడన గ్లోలో ప్లాస్మా ఉష్ణ సమతౌల్యంలో ఉండదు. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అంటే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలో పెట్టి కొలిచే చిన్న లోహపు తీగ) అయినా కావాలి, ఢీకొనడాల మోడల్ అయినా కావాలి. వైవాలో ఈ ఒక్క మాట దగ్గర చాలామంది దొరికిపోతారు.

## 10. స్టార్క్ వెడల్పు జోలికి ఎప్పుడు పోవాలి

చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయాన్ల విద్యుత్ క్షేత్రం వల్ల గీత వెడల్పవడమే స్టార్క్ వెడల్పు. హైడ్రోజన్ 486.13 గీతకి అలా వచ్చిన వెడల్పు నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత తీసే పద్ధతి ఉంది. ఘన సెంటీమీటరుకి 10¹⁷ ఎలక్ట్రాన్లు ఉంటే వెడల్పు సుమారు 4.8 నానోమీటర్లు. 10¹⁴ ఉంటే 0.04 మాత్రమే. తక్కువ పీడన గ్లోలో సాంద్రత అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ.

మీ స్పెక్ట్రోమీటర్ సొంత వెడల్పే 1 నానోమీటర్ అయితే మీరు కొలిచేది స్లిట్‌నే. వాతావరణ పీడనంలో స్పార్క్, ఆర్క్ చేసేవాళ్లు మాత్రం ముందుకెళ్లొచ్చు. వాళ్లు కూడా ముందు సన్నని మెర్క్యురీ గీతతో పరికరం వెడల్పు కొలిచి తీసేయాలి.

## 11. ఆపే వరస

1. హై వోల్టేజ్ ఆఫ్, కెపాసిటర్ ఎర్త్.
2. ఆర్గాన్ నీడిల్ వాల్వు, తరవాత సిలిండరు మూయండి.
3. హాలోజన్ స్పెక్ట్రమ్ మరోసారి తీయండి. కాథోడ్ నుంచి ఎగిరిన లోహం కిటికీకి పట్టి ఉంటే పొద్దున్నటి గుణకం ఇక చెల్లదు. నీలం వైపు తేడా ముందు కనిపిస్తుంది.
4. ట్యూబుకీ పంపుకీ మధ్య వాల్వు మూయండి.
5. పంపు ఆపి, వెంటనే పంపు వైపు గాలి వదలండి. లేకపోతే నూనె పైపులోకి ఎక్కుతుంది.
6. ట్యూబుని వ్యాక్యూమ్‌లోనే వదిలేయండి. గాలి నింపి వదిలితే మర్నాడు మళ్లీ తడి వదిలించే పని నుంచి మొదలు.
7. ముడి ఫైళ్లు, డార్క్ ఫైళ్లు, ఎక్స్‌పోజర్, పీడనం, కరెంటు, ఫైబర్ స్థానం ఒకే ఫోల్డరులో పెట్టండి. డార్క్ తీసేసిన స్పెక్ట్రమ్ ఒక్కటే దాచి ముడి ఫైలు చెరిపేయకండి.